త్రాసు మీద వేలు

పాలు పొంగే వేళకు కల్పలత ఫోన్ వస్తుంది. అల్వాల్‌లో ఆమె పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతూ, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "అమ్మా, బాపు ఎక్కిండా?" అని అడుగుతుంది. సీతాఫల్‌మండిలో ఎల్లమ్మ మంట తగ్గించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వస్తుంది. కిటికీ కింద బరువు చూసే మిషన్. దాని ముందు ఆమె భర్త బ్రహ్మచారి, చన్నీళ్ళలోకి దిగబోయే మనిషిలా, బనీను సర్దుకుంటూ నిలబడి ఉంటాడు.

ఆ పొద్దు కూడా అలాగే నిలబడ్డాడు.

"ఏందే, మన కలెక్టరమ్మ ఫోనా?"

"ఎక్కు జెర. పాలు పొంగుతున్నయి."

"పాలు సుత నా లెక్కనే పొంగుతున్నయా?"

కుడికాలు ముందు పెట్టాడు, కొత్తింట్లోకి పోతున్నట్టు. తర్వాత ఎడమకాలు. తర్వాత కుడిచేయి, ఆసరా కోసమన్నట్టు, కిటికీ గట్టు మీద ఆన్చాడు. మిషన్ మీద అంకెలు కాసేపు తడబడి నిలిచాయి.

ఎల్లమ్మ ఆ చేతిని చూసింది. మణికట్టు దగ్గర నరం బిగుసుకుని ఉంది. ఊరికే ఆన్చిన చేతిలో నరం అట్లా బిగుసుకోదు. చూపు దించుకుని అంకె చదివింది.

"అరవై రెండు."

"నిన్నటంతనే. గుడ్." ఆ మాట వెనక కల్పలత ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "కాళ్ళు?"

"ఎప్పటి లెక్కనే."

"నీళ్ళ గోలీ ఏస్కున్నడా?"

"ఏస్కుంటడు."

"సరే అమ్మా, బస్సు వచ్చింది. ఉంట."

కల్పలత బడిలో లెక్కల టీచరు. తండ్రి జబ్బును కూడా ఆమె లెక్కలాగే నేర్చుకుంది. రెండేళ్ళ కిందట బ్రహ్మచారికి గుండెపోటు వచ్చి, ప్రాణం దక్కి, గుండె సగానికి సగం నీరసపడి మిగిలింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. "మోటరు వీక్ అయింది పెద్దాయనా. నీళ్ళు ముందుకు తోయలేక వెనక్కి తంతది. కాళ్ళల్ల చేరతది, కడుపుల చేరతది, ఆఖరికి ఊపిరితిత్తులల్ల. ఆయాసం వచ్చేదాక ఆగొద్దు. దానికంటె ముందు బరువు పెరుగుతది. రెండు మూడు రోజుల్ల రెండు కిలోలు పెరిగితే అది కండ గాదు, నీళ్ళు. వెంటనే ఫోన్ చెయ్యుండ్రి." ఉప్పు తగ్గించాలి. దినమంతా తాగే నీళ్ళు ఒక్క సీసాకు మించకూడదు. పొద్దున్నే నీళ్ళు పోయే గోలీ. ఆ గోలీ వేసుకుంటే మధ్యాహ్నం దాకా బాత్రూంకు పోతూ రావడమే పని.

ఉప్పు పోయినందుకు బ్రహ్మచారి బాధపడలేదు. నీళ్ళు పోయినందుకు బాధపడ్డాడు. సాయంత్రానికి సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి, అడుగున ఎంత మిగిలిందో రాయి నాణ్యం చూసినట్టు చూసేవాడు. "రాత్రి కలొచ్చిందే," అన్నాడొకసారి. "నల్ల కాడ లైన్ల నిలవడ్డ. నా బిందె వంతు వచ్చేసరికి నల్ల బందయింది." నవ్వుతూ చెప్పాడు. ఎల్లమ్మ నవ్వలేదు. ఆ రోజు తను వంటింట్లో చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే గొంతులో గుటక చప్పుడు కాకుండా తాగింది. అప్పట్నుంచీ అలాగే తాగుతోంది. సొంత ఇంట్లో దొంగలాగా.

బ్రహ్మచారి ఔసులాయన, బంగారం పని చేసే కంసాలి. ముందుగదిలో ఒక మూల ఆయన పీట, కుంపటి, ఊదుగొట్టం, అద్దాల పెట్టెలో తండ్రి నాటి త్రాసు. జనం నగలు పెద్ద దుకాణాల్లో కొనడం మొదలుపెట్టి చాలా కాలమైంది. అయినా పుస్తెలకు మాత్రం పాత ఇళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. తమలపాకులు, పసుపు, రవికె గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, "మా పిల్లకు పుస్తెమట్టెలు చెయ్యాలె" అని అడుగుతారు. చేసే రోజు ఆయన తలస్నానం చేసి, దీపం వెలిగించి, ఏమీ తినకుండా పీట మీద కూర్చుంటాడు. రెండు పుస్తెలూ పసుపు పళ్ళెంలో పడేదాకా పీట మీంచి లేవకూడదు. తండ్రి నేర్పిన పద్ధతి. తండ్రి ఇంకో మాట కూడా నేర్పాడు. త్రాసు మీద వేలు పెట్టినోని ఇంట్ల దీపం నిలువదు. కూతురు చిన్నప్పుడు ఆడుకుంటూ త్రాసు పళ్ళేన్ని చిటికెన వేలితో తాకితే, జన్మలో ఒకేసారి దాని చేతి మీద కొట్టాడు.

అటువంటి మనిషి.

మొదటిసారి ఎల్లమ్మ చూసినప్పుడు గట్టు మీద చిటికెన వేలు మాత్రమే ఉంది. పొరపాటున తగిలిందనుకుంది. ఇంకో పొద్దు రెండు వేళ్ళు. కొన్నాళ్ళకు అరచేయి. గట్టును ఒత్తితే ఒంటి బరువులో కొంత అటు పోయి మిషన్ మీద అంకె తగ్గుతుంది. అంకె ఊగకుండా ప్రతి పొద్దూ అదే చోట నిలవాలంటే ఆ చేయి ఎంత నిలకడగా నొక్కాలో ఆమెకు తెలుసు. జీవితమంతా గురిగింజ ఎత్తు తేడాను వేళ్ళతో పసిగట్టిన చేయి అది. వేరే ఎవరి చేతా కాదు.

ఎందుకు నొక్కుతున్నాడో కూడా తెలుసు. మూఢం పోయి లగ్గాలు మొదలయ్యాయి. పుస్తెల పనులు వచ్చాయి. ఇదివరకు ఒక్క పూటలో అయ్యే పని ఇప్పుడు చేతి వణుకుతో దినమంతా పడుతోంది. పీట మీద కూర్చున్న రోజు నీళ్ళ గోలీ వేసుకుంటే మాటిమాటికీ లేవాలి. "పని అయినంక ఏస్కుంట," అంటాడు. పని అయ్యాక పొద్దు కూకుతుంది. రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు. రేపు. బరువు పెరిగిందని తెలిస్తే కూతురు వస్తుంది, ఆస్పత్రి, సూదులు, సీసాలో సగం నీళ్ళు. పీట ఎత్తి మూలకు నిలబెడతారు.

ఇవన్నీ ఎల్లమ్మకు తెలుసు. తెలిసి, అంకె చదివేది. అంకె అబద్ధం కాదు కదా. మిషన్ మీద ఉన్నదే కదా తను చెప్పేది. ఆ వాదన ఒక చిన్న గది లాంటిది. అందులో నిలబడినంత సేపు ఆమెకు ఊపిరి ఆడేది. తలుపు తీస్తే అవతల ఏముందో చూడలేదు.

ఆ పొద్దుది ఈ లగ్గాల్లో చివరి పని. యాప్రాల్ నుంచి లీలాకుమారి వస్తానంది, చిన్న కూతురు రాధిక పుస్తెల కోసం. ఆయన దీపం వెలిగించి కూర్చున్నాడు. నీళ్ళ గోలీ పళ్ళెంలో పడి ఉంది. ఎల్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన వీపును చూసింది. ప్రతి ఊపిరికీ భుజాలు లేచి పడుతున్నాయి.

"ఏమే, జెర ఇటు రా."

వెళ్ళింది. ఊదుగొట్టం ఆయన చేతిలో ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. అతుకు పెట్టాల్సిన చిన్న కొక్కెం పుస్తె మీద వాలి ఉంది, బొగ్గు మీద మంట వంగి వంగి ఆరిపోతోంది.

"నా ఊపిరి చాలుతలేదు. నువ్వు ఊదు."

"నేనా? ఆడోళ్ళు ముట్టొద్దంటివి గద."

"ఇప్పుడు ఎవలు జూస్తున్నరు? ఊదు."

ఆమె ఎదురుగా కూర్చుని గొట్టం నోట పెట్టుకుంది. ఇత్తడి రుచి, దాని కింద ఆయన నోటి తడి. గట్టిగా ఊదింది. నిప్పురవ్వలు లేచాయి.

"గట్ల గాదు. నిప్పును బెదిరియ్యకు. జోకొట్టు."

మెల్లగా ఊదింది. నీలపు నాలుక ఒకటి లేచి నిలబడింది. ఆయన పట్టకారుతో పుస్తెను దాని కింద తిప్పాడు. అతుకు మెరిసి, కరిగి, పరుచుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన పనిలో ఆమె ఊపిరి కలవడం అదే మొదలు. ఆ సంతోషం ఆమెకు భయం వేసేంతగా ఉంది. తల వంచేసరికి పీట పక్కకు చాచిన ఆయన కాలు కనబడింది. చర్మం సాగి నిగనిగలాడుతోంది. వేలితో నొక్కింది. సొట్ట పడి, అలాగే ఉండిపోయింది.

"ఊకో," అన్నాడాయన, కాలు వెనక్కి తీసుకుంటూ. "ఇయ్యాల్టితోని ఖతం."

లీలాకుమారి వచ్చేసరికి పుస్తెలు పసుపు పళ్ళెంలో ఉన్నాయి.

"ఏవండీ ఆచారిగారూ, నాకంటే మీకే తొందరగా ఉందే! సాయంత్రానికన్నారు, మధ్యాహ్నానికే రమ్మని ఫోనా?"

"లగ్గం మీదే గని పని నాది గద లీలమ్మా."

"పెద్దదానికీ మీ చేతే చేయించాను. వాళ్ళ అత్తగారు షాపులో కొన్న పుస్తె ఏడాదికే వంకర పోయింది. మీరు చేసింది చెక్కుచెదరలేదు. ఆవిడ ముందు మెడ ఇలా ఎత్తి తిరిగాననుకోండి!" అని నవ్వి, ఆయన మొహంలోకి చూసింది. "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారండీ. మొహం నిండుగా ఉంది. పోయినసారి చూసినప్పుడు పుల్లలా ఉండేవారు."

ఎల్లమ్మ మజ్జిగ గ్లాసు ఆమె ముందు పెట్టి, ఆయన కాళ్ళ వైపు చూసింది.

"మా ఇంటామె వంట," అన్నాడు బ్రహ్మచారి.

అద్దాల పెట్టె తెరిచి త్రాసు తీశాడు. పుస్తెలు ఒక పళ్ళెంలో వేసి, చేతులు రెండూ వెనక్కి తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"తూచి చూపించాలా ఏంటండీ, మీ మాట చాలదూ?"

"మాట మాటే, త్రాసు త్రాసే."

ముల్లు ఊగి ఊగి నిలిచింది. ముగ్గురూ దాన్నే చూశారు. మోకాళ్ళ మీద ఉన్న ఆయన చేతుల్ని ఎల్లమ్మ ఒక్కతే చూసింది.

లీలాకుమారి గేటు దాటగానే ఆయన లేవబోయాడు. లేవలేదు. దగ్గు వచ్చింది, దగ్గుతో నురగ, నురగలో లేత ఎరుపు. గోడకు ఆనుకుని, నోరు తెరిచి, నీళ్ళలో మునుగుతున్నవాడిలా కళ్ళతో ఆమెను పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ దాహంతో అల్లాడిన మనిషి లోపల్నుంచి మునిగిపోతున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆస్పత్రిలో, గాజు తలుపుల అవతల, మంచంతోపాటే బరువు చూశారు. తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, అలిసిన మొహం.

"ఇంటి దగ్గర రోజూ బరువు చూస్తున్నామన్నారు కదా?"

"రోజూ చూస్తం మేడమ్," అంది కల్పలత. బడి నుంచి అట్లాగే వచ్చింది, చున్నీ మీద సుద్ద మరకలు. "పొద్దుగాల కూడా అరవై రెండు."

"ఇక్కడ అరవై ఎనిమిది పైన ఉంది. ఇంత నీరు ఒక్క రోజులో చేరదు. మీ మిషన్ ఒకసారి చెక్ చేయించండి." కొంచెం ఆగింది. "ముందే తెలిసుంటే గోలీ డోసు పెంచి ఇంట్లోనే లాగేసేవాళ్ళం. ఇప్పుడు గుండె మీద, కిడ్నీల మీద కూడా పడింది. చూద్దాం."

ఆమె వెళ్ళిపోయింది. కల్పలత భర్త తిరుమల్ కారు ఎక్కడో పెట్టి, టీ కప్పులు పట్టుకుని వచ్చాడు. ఎవరూ తీసుకోలేదు.

"మిషన్ కొని ఏడాది కాలేదు," అంది కల్పలత తనలో తను. "ఎట్ల ఖరాబైతది?"

"మిషన్ ఖరాబ్ గాలె బిడ్డా."

"మరి?"

ఎల్లమ్మ తన అరచేతుల్ని చూసుకుంది. వేళ్ళ సందుల్లో కుంపటి మసి.

"మీ బాపు కిటికీ గట్టు మీద చెయ్యి పెట్టి ఒత్తుతున్నడు."

కల్పలతకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమైనప్పుడు, చెంపదెబ్బ తిన్న పిల్ల మొహంలా ఆమె మొహం ఒక్కసారి నిశ్చలమైంది.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఇయ్యాలనా?"

ఎల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎన్నాళ్ళ సంది అమ్మా? లగ్గాలు షురూ అయిన కాడి సందా?" గొంతు లేచింది. బెంచీల మీద మనుషులు తిరిగి చూశారు. "నేను రోజూ ఫోన్ చేస్తి! రోజూ అడిగితి! నువ్వు అరవై రెండు, అరవై రెండు అని చెప్తుంటివి, నేను గుడ్, గుడ్ అనుకుంట బస్సెక్కుతుంటి!"

"కల్పలతా, మెల్లగ," అన్నాడు తిరుమల్. "అత్తమ్మ పరేషాన్ల ఉన్నది."

"నువ్వుండు! నాకు చెప్పనియ్. అమ్మా, గోలీ సుత ఏస్కుంటలేడు గదా? అది సుత తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలె? చంపాలనుకున్నవా?"

తిరుమల్ చేతిలో టీ ఒలికింది. కల్పలత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

ఎల్లమ్మకు కోపం రాలేదు. ఆ ప్రశ్న తనకెప్పట్నుంచో తెలిసినదే అనిపించింది. దాని కోసం లోపలికి దిగింది, చీకటి బావిలోకి మెట్టు మెట్టుగా దిగినట్టు. ఆయన పని ఆగిపోతుందని చెప్పలేదా? అవును. సీసాలో సగం నీళ్ళు తీసేస్తారని చెప్పలేదా? అదీ నిజమే. ఇంకా కిందికి దిగింది. మొదటి పొద్దు ఆ వేలును చూసినప్పుడు తన గుండెలో కలిగింది భయం కాదు. హమ్మయ్య. ఈ పొద్దు ఆస్పత్రి లేదు. ఈ పొద్దు కూతురి ప్రశ్నలు లేవు, దిండ్లు పేర్చడం లేదు, ఆయన ఊపిరిని వింటూ పడుకోవడం లేదు. ఇంకా కింద, అడుగున, మాటలు లేని ఒక తలపు కదిలింది. ఇది ఎప్పటికి అయిపోతుంది. దాన్ని కూడా ఆమె వేలును చూసినట్టే చూసింది, చూపు దించుకుంది. చూసీ చూడకపోవడం కిటికీ దగ్గర నేర్చుకున్న పని కాదు. ఎప్పుడో లోపలే నేర్చుకుంది.

"అలిసిపోయిన బిడ్డా," అంది. అంతకంటే నిజమైన మాట దొరకలేదు.

కల్పలత గాజు తలుపుల దాకా నడిచి లోపలికి చూసింది. తర్వాత వచ్చి బెంచీ మీద తల్లి పక్కన, భుజం తగలకుండా కూర్చుంది.

"ఫోన్ల ఆయన ఆయాసం ఇనపడ్తుండె అమ్మా," అంది, నేలను చూస్తూ. "నువ్వు అంకె చెప్తున్నప్పుడు వెనక ఇనపడ్తుండె. అరవై రెండు అంటున్నది గద, ఫ్యాన్ చప్పుడు కావచ్చు అనుకుంటుంటి. నాకు అంకె మంచిగొస్తే చాలు, ఆ దినం ఎల్లిపోతుండె. ఒక్కనాడు సుత బాపుకు ఫోన్ ఇయ్యుమనలె."

ఎల్లమ్మ చేయి చాచింది. మసి అంటిన చేయి. కల్పలత దాన్ని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. తన ఒళ్ళో పడి ఉండనిచ్చింది. కాసేపటికి చున్నీ కొనతో, ఏడుస్తూ, ఒక్కో వేలి సందునా మసి తుడవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకు బ్రహ్మచారి ఇంటికి వచ్చాడు. వాపు తీసేస్తే అంత పెద్ద మనిషి లోపల ఎంత చిన్న మనిషి మిగిలాడో తెలిసింది. పంపేముందు డాక్టరమ్మ కల్పలతను, ఎల్లమ్మను పక్కకు పిలిచింది. "గుండె ఇంక ఇంతకంటే కోలుకోదు. మందులు మానొద్దు. కానీ లెక్కలు మరీ అంత గట్టిగా వద్దు. దాహం వేస్తే తాగనివ్వండి. ఆయాసం లేకుండా చూసుకోవడమే ఇప్పుడు మన పని."

కల్పలత అడిగింది. "రోజూ బరువు?"

"మీ ఇష్టం."

ఆ రెండు మాటలు ఎల్లమ్మ ఇంటి దాకా మోసుకొచ్చింది. రెండేళ్ళుగా ఏదీ తమ ఇష్టం కాదు. ఇప్పుడు ఇష్టం అంటే, ఇంక దానితో పని లేదని.

కల్పలత సెలవు పెట్టి అక్కడే ఉండిపోయింది. మిషన్‌ను మంచం కిందికి తోసేసింది. పొద్దున పాలు పొంగే వేళకు ఫోన్ మోగలేదు. ఎల్లమ్మ కాసేపు పొయ్యి దగ్గర ఎందుకు నిలబడ్డదో తెలియక నిలబడి, పెద్ద రాగి చెంబు తీసుకుంది. నిండా నీళ్ళు పోసింది. పట్టుకెళ్ళి మంచం పక్కన పెట్టింది.

బ్రహ్మచారి దిండ్లకు ఆనుకుని దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తూకం చూడటం తెలిసిన కళ్ళు.

"అన్నీ నాకేనా?"

"తాగు. డాక్టరమ్మ తాగుమన్నది."

"ఓహో." నవ్వాడు. "గంత దాక వచ్చిందా."

ఆమె మొహం తిప్పుకుంది. ఆయన చెంబు ఎత్తలేదు. "కూసో," అన్నాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది.

"నీతోని ఒక మాట చెప్పాలె," అంది ఎల్లమ్మ. "నువ్వు గట్టు మీద చెయ్యి పెట్టుడు నేను చూసిన. మొదటి దినం కాడి సంది చూస్తున్న."

"నువ్వు చూస్తున్నవని నాకెర్క."

"ఎర్కనా?"

"త్రాసు పట్టినోనికి ఎదుటోళ్ళ కన్ను ఎటున్నదో ఎర్కుండదానే?" ఊపిరి కోసం ఆగాడు. "ఒక్కనాడన్న అంటవేమో అనుకున్న. చెయ్యి తియ్యి అని. అంటే తీస్తుంటి. అందుకే ఒక వేలు, రెండు వేళ్ళు... పెంచుకుంట పోయిన. ఎప్పుడంటవో చూస్తమని."

ఇన్నాళ్ళూ ఆయనకు తెలియకుండా ఒక రహస్యాన్ని మోస్తున్నాననుకుంది ఎల్లమ్మ. ఆయన ప్రతి పొద్దూ ఆ గట్టు మీద చేయి పెట్టి ఆమెను పిలుస్తున్నాడు. ఆమె అంకె చదువుతోంది.

"నేను అలిసిపోయిననయ్యా," అంది ఏడుస్తూ. "గందుకే అనలె. నువ్వు పోతే నిమ్మళమైతదని సుత అనుకున్ననేమో. నాకు తెల్వదు. ఇప్పుడు సుత తెల్వదు."

ఆయన కోప్పడతాడని చూసింది. కోప్పడితే బాగుండుననుకుంది.

"నేను సుత అలిసిన," అన్నాడు. "నేను సుత గదే అనుకున్న. అనుకోని మల్ల గోలీ పక్కకు పెట్టిన. లగ్గాలు, పుస్తెలు అని మీకు చెప్పిన. నాకు నేను సుత గదే చెప్పుకున్న."

చెంబు ఎత్తాడు. అది ఒరిగింది. ఆమె కింద చేయి పెట్టింది. రెండు గుటకలు తాగాడు, మూడోది తాగలేకపోయాడు. రెండేళ్ళు కలల్లో లైన్లో నిలబడ్డ మనిషి. చెంబు ఆమె వైపు తోశాడు.

"నువ్వు తాగు. చప్పుడు చేసుకుంట తాగు. వంటింట్ల దొంగతనంగ తాగితే నాకు ఇనపడదనుకున్నవా?"

ఆమె తాగింది. కన్నీళ్ళతో పాటు తాగింది. గుటకల చప్పుడు గదంతా వినిపించింది.

"మిషన్ ఏది?"

"ఇంక అక్కర లేదన్నరు."

"తియ్యి. ఒక్కసారి సక్కగ తూగాలె. గట్లనే పోతే మా నాయినకు నా మొహం ఎట్ల చూపెట్టాలె?"

వంటింటి గుమ్మంలో కల్పలత నిలబడి ఉంది, ఎప్పట్నుంచో. తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఏమీ అనకుండా వంగి మంచం కింద నుంచి మిషన్ లాగి, కిటికీకి దూరంగా, నట్టింట్లో పెట్టింది.

బ్రహ్మచారి కుడికాలు ముందు పెట్టాడు. ఎడమకాలు పెట్టేసరికి తూలాడు. ఎల్లమ్మ వెనక నుంచి రెండు చంకల కిందా పట్టుకుంది.

"ఇడువు."

"పడతవు."

"ఇడువే. నిన్ను పట్టుకోని తూగితే అది తూకమైతదా?"

ఆమె వదిలింది. ఆయన మోకాళ్ళు వంగిపోయాయి. మళ్ళీ పట్టుకుంది. పక్షి ఎముకల్లాంటి ఎముకలు, వాటి లోపల తడబడుతున్న ఆ పాత మోటరు. మిషన్ మీద అంకెలు పైకీ కిందికీ పరుగెడుతున్నాయి, ఎక్కడా నిలవడం లేదు. ఆయన ఇంక ఎవరి ఆసరా లేకుండా నిలబడి తూగలేడని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

బ్రహ్మచారి తల వెనక్కి వాల్చి ఆమె భుజానికి ఆన్చాడు.

"చూసినవా," అన్నాడు. నవ్వో ఆయాసమో తెలియని గొంతు. "ఇప్పుడు నీ వేలు సుత పడ్డది త్రాసు మీద."

"పడనియ్," అంది ఎల్లమ్మ.

పట్టు వదల్లేదు. కల్పలత వచ్చి, అంకె వైపు చూడకుండా, తండ్రి రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.